పిలవని రాకపోకలు: కంప్యూటరు ద్వారాల కథ

అర్ధరాత్రి వేళ పెరటి తలుపు చప్పుడైతే ఇంటి యజమాని లేచి చూస్తాడు. అది గాలికి కొట్టుకున్న తలుపు కావచ్చు, పిల్లి కావచ్చు, దొంగ కావచ్చు. లేవకుండా పడుకున్నవాడు ఒక విధమైన పొరపాటు చేస్తున్నాడు. చూడకుండానే దొంగ, దొంగ అని ఊరంతా లేపేవాడు మరొక విధమైన పొరపాటు చేస్తున్నాడు. ఇంటిలోని కంప్యూటరు సంగతి కూడా ఇంతే. యజమాని ఏ పనీ చెప్పకుండా ఊరక కూర్చున్నప్పుడు సైతం ఆ యంత్రం బయటి యంత్రాలతో మాట్లాడుతూనే ఉంటుంది. ఆ మాటలలో కొన్ని అతడు కోరినవి, కొన్ని అతడు ఎరుగనివి. ఎరుగనివన్నీ చెడ్డవి కావు, మంచివీ కావు. రెండింటినీ వేరు చేసే పద్ధతి ఒక్కనాట పుట్టలేదు. 1972 నుంచి జరిగిన కొన్ని సంఘటనలు, వాటితోపాటు వచ్చిన నష్టాలు ఆ పద్ధతిని నేర్పినవి.

తలుపులకు అంకెలు

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకు ఒక చిరునామా ఉంటుంది. కాని ఒకే యంత్రంలో ఒకే సమయాన అనేక ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. వచ్చిన సందేశం వాటిలో దేనికి చేరాలి? విద్యార్థుల వసతిగృహానికి చిరునామా ఒక్కటే అయినా, ఉత్తరం మీద గది నెంబరు కూడా వ్రాస్తేనే అది చేరవలసిన విద్యార్థికి చేరుతుంది. ఆ గది నెంబరు వంటిదే పోర్టు సంఖ్య. ఇది పదహారు బిట్ల సంఖ్య గనుక 0 మొదలు 65,535 వరకు ఉండవచ్చును. ఒక ప్రోగ్రాము ఒక సంఖ్యను ఎంచుకొని, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూస్తూ ఉంటే ఆ పోర్టు తెరిచి ఉన్నదంటారు. ఎవరూ కాచుకొని లేని పోర్టుకు సందేశం వస్తే యంత్రం దానిని స్వీకరించదు. అందుచేత తెరిచి ఉన్న పోర్టు అంటే గోడకు పడిన కన్నమని అనుకోరాదు. దాని వెనుక ఒక ప్రోగ్రాము కూర్చుని ఉన్నదని మాత్రమే దానికి అర్థం.

అమెరికాలో ఆర్పానెట్ అనే నెట్‌వర్కు 1969లో ప్రారంభమైనది. ఏ సేవకు ఏ సంఖ్య వాడాలనే ప్రశ్న కొద్దికాలానికే వచ్చినది. 1972 మే 30వ తేదీన లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జాన్ పోస్టెల్ ఒక చిన్న పత్రం వ్రాసినాడు. ఈ సంఖ్యలను పంచిపెట్టే అధికారి ఒకడు ఉండాలనీ, కావాలంటే ఆ పని తానే చేస్తాననీ అందులో సగం హాస్యంగా సూచించినాడు. దూరాన ఉన్న యంత్రంతో పనిచేయించే టెల్నెట్ సేవకు 1, ఫైళ్ళ బదిలీకి 3 అని జాబితా కూడా ఇచ్చినాడు. 1998 అక్టోబరులో మరణించే వరకు ఆయన ఈ సంఖ్యల వ్యవహారం చూస్తూనే ఉన్నాడు.

1983 జనవరి 1న ఆర్పానెట్ టి.సి.పి./ఐ.పి. అనే కొత్త నియమావళికి మారినది. ఈ నియమావళిలో టెల్నెట్‌ది 23, ఈమెయిలుది 25. తరువాత పుట్టిన వెబ్‌కు 80 దక్కినది. ఆ 1983లోనే బర్క్‌లీ నుంచి వెలువడిన 4.2 బి.ఎస్.డి. అనే యూనిక్స్ వ్యవస్థలో నెట్‌స్టాట్ అనే చిన్న ప్రోగ్రాము చేరినది. ఏ పోర్టులు తెరిచి ఉన్నవి, ఏవి ఏ చిరునామాతో మాట్లాడుతున్నవి అనే వివరాలను అది పట్టికగా చూపిస్తుంది. ఆ పేరుగల ప్రోగ్రాము తరువాత విండోస్‌లో కూడా చేరినది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ సంఖ్యలు మనుషులు చేసుకున్న ఒప్పందాలే గాని ప్రకృతి నియమాలు కావు. ఈమెయిలు 25వ పోర్టుకు వస్తుందనుకోవడం మర్యాద. ఆ పోర్టు దగ్గర మరొక ప్రోగ్రామును కూర్చోబెడితే అడ్డుకొనే శక్తి అంకెకు లేదు. ముందు ముందు వచ్చిన చిక్కులకు మూలం ఇదే.

1988: తెరిచిన తలుపులోంచి పురుగు

1988 నవంబరు 2వ తేదీ సాయంత్రం అమెరికా విశ్వవిద్యాలయాలలో యంత్రాలు అకారణంగా మందగించినవి. నిర్వాహకులు చూడగా, ఎవరూ ప్రారంభించని ప్రోగ్రాములు పదులకొద్దీ నడుస్తున్నవి. వాటిని ఆపితే మళ్ళీ వస్తున్నవి. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మారిస్ వదిలిన ‘వర్మ్’, అనగా పురుగు, దీనికి కారణమని తరువాత తేలినది. తనంతట తానే ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ప్రాకడం దాని లక్షణం.

ఈ పురుగు కొత్త తలుపులు పగులగొట్టలేదు. ఈమెయిలు సేవలోను, ఫలానావారు యంత్రం దగ్గర ఉన్నారా అని చెప్పే 79వ పోర్టులోని ఫింగర్ సేవలోను ఉన్న లోపాలను అది వాడుకొన్నది. సులభంగా ఊహించదగిన పాస్‌వర్డులను కూడా ప్రయత్నించినది. ఫింగర్ ప్రోగ్రాము తనకు వచ్చే ప్రశ్న కోసం 512 బైట్ల చోటు మాత్రమే ఉంచుకొన్నది. పురుగు 536 బైట్లు పంపినది. కుండలో పట్టని నీరు పొర్లినట్లు ఆ అదనపు బైట్లు పొర్లి, ప్రోగ్రాము తరువాత చేయవలసిన పనినే మార్చివేసినవి. తలుపు తెరిచి ఉండవలసినదే. లోపం కాపలావానిలో ఉన్నది. మారిస్‌కు న్యాయస్థానం 1990లో మూడేళ్ళ ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, జరిమానా విధించినది. పురుగు వెలువడిన నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి ఆపదలకు సమన్వయ కేంద్రం ఒకటి ఏర్పడినది.

గుమ్మం దగ్గర కాపలా

మారిస్ సంఘటన తరువాత పెద్ద సంస్థలు తమ నెట్‌వర్కు గుమ్మంలో ఫైర్‌వాల్ అనే కాపలాను ఉంచసాగినవి. గుమ్మానికి ఎవరెవరు వచ్చి తలుపు తడుతున్నారో వ్రాసిపెట్టడం కూడా మొదలైనది. ఏ.టి. అండ్ టి. బెల్ లేబరేటరీస్‌లో స్టీవెన్ బెల్లోవిన్ ఈ లెక్కలను శ్రద్ధతో పరిశీలించి 1992, 1993లలో రెండు వ్యాసాలు ప్రకటించినాడు. ఆయన చూచిన వాటిలో దొంగ ప్రయత్నాలు ఉన్నవి. వాటితోపాటు ఎవరి దురుద్దేశమూ లేని వింతలు కూడా ఎన్నో కనిపించినవి. ఒక కార్యాలయంలోపలి యంత్రాలకు మాత్రమే చేరవలసిన ప్రకటనలు దారి తప్పి ప్రపంచం నలుమూలల నుంచి ఆ గుమ్మానికి వస్తున్నవి.

ఈ పరిశీలన చిన్నదిగా తోచవచ్చు. కాని తెలియని సందేశమంతా శత్రువు పంపినదే అనే ఊహ తప్పని ఇది చూపినది. తాడును చూచి పామనుకోవడం ఒక పొరపాటు. పామును చూచి తాడనుకోవడం మరొక పొరపాటు. రెండింటికీ మందు ఒకటే: దీపం తెచ్చి చూడడం.

ఇళ్ళలోకి వచ్చిన నెట్‌వర్కు

1990ల చివరి నాటికి ఇళ్ళలోని కంప్యూటర్లు కూడా ఇంటర్నెట్టులో చేరినవి. వాటికి నిర్వాహకులు లేరు, కాపలా లేదు. 1998లో నెట్‌బస్ అనే ప్రోగ్రాము వెలువడినది. దానిని తెలియక నడిపినవాని యంత్రంలో 12345వ పోర్టు తెరుచుకొనేది. బయటివాడు ఆ పోర్టు ద్వారా యంత్రమంతటినీ తన చేతిలోకి తీసుకోగలిగేవాడు.

దీనివలన ఒక మనిషి జీవితం ఎంత దెబ్బ తిన్నదో స్వీడన్‌లో రుజువైనది. 1999లో లుండ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పరిశోధకుడు ఒకరి యంత్రంలో చట్టవిరుద్ధమైన చిత్రాలు బయటపడినవి. అవి ఆయనే దించుకొన్నాడని అందరూ నమ్మినారు. ఆయన ఉద్యోగం పోయినది, పేరు చెడినది, దేశం విడిచిపోవలసి వచ్చినది. నెట్‌బస్ ద్వారా మరొకరు ఆ యంత్రాన్ని నడిపినారని న్యాయస్థానం నిర్ణయించి, 2004 చివరలో ఆయనను నిర్దోషిగా విడుదల చేసినది. ఈ యంత్రంలో ఇది కనబడినది అనడానికీ, ఈ యంత్రపు యజమాని దీనిని చేసినాడు అనడానికీ మధ్య ఉన్న దూరం ఆయన జీవితంలో అయిదేళ్ళు.

2003 ఆగస్టు: అరవై క్షణాల గడువు

గృహస్థులకు పోర్టు అనే మాటను నేర్పినది 2003 ఆగస్టు నెల. విండోస్ ఎక్స్‌పి ఉన్న యంత్రాలలో హఠాత్తుగా ఒక ప్రకటన వచ్చేది. వ్యవస్థ అరవై సెకన్లలో ఆగిపోతున్నది, పని భద్రపరచుకోండి అని దాని సారాంశం. గడియారం వెనక్కు లెక్కించేది, యంత్రం ఆగి మళ్ళీ మొదలయ్యేది, నెట్‌వర్కుకు కలిపిన కొద్దిసేపటికే మళ్ళీ అదే ప్రకటన. యజమాని ఏ అనుమానపు ఉత్తరమూ తెరవలేదు, ఏ కొత్త ప్రోగ్రామునూ వేసుకోలేదు. అతడు చేసిన తప్పల్లా నెట్‌వర్కుకు తగిలించి ఉంచడమే.

విండోస్‌లో 135వ పోర్టు దగ్గర ఒక సేవ ఎల్లప్పుడూ కాచుకొని ఉంటుంది. ఒక యంత్రంలోని ప్రోగ్రాము మరొక యంత్రంలోని ప్రోగ్రాముతో పని చేయించుకొనదలచినప్పుడు దారి చూపడం దాని ఉద్యోగం. అందులో మారిస్ కాలం నాటి వంటి పొర్లే లోపమే ఒకటి ఉన్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 జులై 16న దానికి సవరణ ప్రకటించినది. చాలామంది దానిని వేసుకోలేదు. ఆగస్టు 11న బ్లాస్టర్ అనే పురుగు బయలుదేరినది.

దాని నడక ఇది. మొదట 135వ పోర్టును తట్టి లోపం గుండా ప్రవేశిస్తుంది. లోపల 4444వ పోర్టును తెరిచి, అక్కడి నుంచి ఆజ్ఞలిస్తుంది. ఆ ఆజ్ఞ ప్రకారం బాధిత యంత్రం దాడి చేసిన యంత్రపు 69వ పోర్టు నుంచి, 6,176 బైట్ల ఫైలును తానే తెచ్చుకొంటుంది. ఆ ఫైలు నడవగానే ఇది కూడా ఇతర చిరునామాల 135వ పోర్టులను వరుసగా తట్టడం మొదలుపెడుతుంది. విండోస్ 2000కు ఒక విధంగాను, ఎక్స్‌పికి మరొక విధంగాను గురి పెట్టాలి. పురుగు ఆ రెండింటిలో ఒకదానిని ఊహతో ఎంచుకొనేది. గురి తప్పితే ఆ సేవ కూలిపోయేది, దానితో యంత్రం ఆగిపోయేది. అనగా మాటిమాటికి ఆగిపోయే యంత్రంలో పురుగు ప్రవేశించి ఉండకపోవచ్చును. నిశ్శబ్దంగా నడుస్తున్న యంత్రంలో అది స్థిరపడి ఉండవచ్చును. పైకి కనిపించే లక్షణం రోగాన్ని తిన్నగా చూపలేదు.

చికిత్సలో క్రమం చాలా ముఖ్యమైనది. పురుగు ఫైలును తీసివేసి ఊరుకొన్నవారికి అది కొద్ది నిమిషాలలో తిరిగి వచ్చినది, ఎందుకంటే తలుపు దగ్గర లోపం అట్లాగే ఉన్నది. సవరణ తెచ్చుకొందామంటే అరవై సెకన్లలో యంత్రం ఆగిపోతున్నది. మొదట నెట్‌వర్కు తీగ ఊడదీయాలి, విండోస్‌లోనే ఉండి వాడకంలో లేని ఫైర్‌వాల్‌ను పనిలో పెట్టాలి, నడుస్తున్న పురుగును ఆపాలి, తరువాతనే మళ్ళీ తీగ కలిపి సవరణ వేసుకోవాలి. ఈ వరుస తెలిసినవారి యంత్రాలు అరగంటలో బాగుపడినవి. తెలియనివారు రాత్రంతా కూర్చున్నారు.

ఆ వారంలోనే, ఆగస్టు 14న, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను కెనడాలోను సుమారు అయిదు కోట్లమందికి విద్యుత్తు ఆగిపోయినది. ఇది పురుగు పనే అని అనేకులు అనుకొన్నారు. రెండు ప్రభుత్వాలు నియమించిన విచారణ బృందం 2004 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చినది. చెట్లు తగిలిన తీగలు, పనిచేయని హెచ్చరిక వ్యవస్థ మొదలైనవి కారణాలని, పురుగులు కారణమనడానికి సాక్ష్యం లేదని తేల్చినది. ఒకే సమయంలో జరిగిన రెండు విషయాలు కార్యకారణాలు కానక్కరలేదని తర్కశాస్త్రం ఎప్పుడో చెప్పినది.

ఆగస్టు 18న మరొక పురుగు వచ్చినది. వెల్చియా అనే ఈ పురుగు అదే లోపం గుండా ప్రవేశించి, బ్లాస్టర్‌ను తీసివేసి, సవరణను తెచ్చి వేయడానికి ప్రయత్నించేది. ఉపకారంలాగే కనిపించినా, కొత్త యంత్రాలను వెదకుతూ అది పంపిన సందేశాల వెల్లువలో పెద్ద పెద్ద నెట్‌వర్కులే స్తంభించినవి. పిలవకుండా ఇంట్లోకి వచ్చి ఇల్లు ఊడ్చేవాడు కూడా పిలవనివాడే.

దీపం తెచ్చి చూచే పద్ధతి

ఈ అనుభవాల నుంచి ఏర్పడిన పరీక్షా పద్ధతిని ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం అనుసరించవచ్చును. మొదట తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసివేయాలి. విండోస్ యంత్రమైతే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో నెట్‌స్టాట్ పేరు వ్రాసి, ఒక ఖాళీ విడిచి, అడ్డగీత పెట్టి, దానికి ఆనుకొని ఎ, ఎన్, ఓ అనే ఇంగ్లీషు అక్షరాలు చేర్చాలి. వచ్చే పట్టికలో తన చిరునామా, అవతలి చిరునామా, రెండింటి పోర్టులు, సంబంధపు స్థితి, చివరి వరుసలో ప్రోగ్రాము క్రమసంఖ్య ఉంటాయి.

ఇందులో పోర్టు సంఖ్య కంటె స్థితి ఎక్కువ చెబుతుంది. ‘లిజనింగ్’ అని ఉంటే ఒక ప్రోగ్రాము కాచుకొని ఉన్నది. ‘ఎస్టాబ్లిష్డ్’ అని ఉంటే మాటలు నడుస్తున్నవి. ‘టైమ్ వెయిట్’ అని ఉంటే మాటలు ముగిసినవి, ఆలస్యంగా వచ్చే సందేశం ఏదైనా ఉంటుందేమోనని యంత్రం కాసేపు ఆగినది. ఇది భయపడవలసినది కాదు. ‘సిన్ సెంట్’ అని ఉంటే యంత్రం బయటి తలుపు తట్టి జవాబు కోసం చూస్తున్నది. 135వ పోర్టు దగ్గర ‘లిజనింగ్’ అనేది ఆరోగ్యంగా ఉన్న విండోస్‌లోను, బ్లాస్టర్ పట్టిన విండోస్‌లోను ఒకే విధంగా కనిపించేది. కాని వరుస చిరునామాల 135వ పోర్టుకు పదుల కొద్దీ ‘సిన్ సెంట్’ పంక్తులు ఉండడం ఆరోగ్యవంతమైన గృహయంత్రంలో జరిగే పని కాదు.

తరువాత క్రమసంఖ్యను టాస్క్ మేనేజరులోని జాబితాతో పోల్చి, ఆ ప్రోగ్రాము ఏది, దాని ఫైలు ఎక్కడ ఉన్నది అని చూడాలి. అవతలి చిరునామా 127.0.0.1 అయితే యంత్రం తనతో తానే మాట్లాడుకొంటున్నది. సవరణలు తెచ్చుకొనే సేవ, వైరసు నిరోధకం, ప్రింటరు పంపకం వంటివి అడగకుండానే మాట్లాడుతుంటాయి. అనుమానం తీరకపోతే ఒక్కొక్క ప్రోగ్రామునే ఆపి, ప్రతిసారీ పట్టికను తిరిగి చూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేసినవానికి ఏది ఫలించినదో తెలియదు. ప్రయోగశాలలో ఉపాధ్యాయులు చెప్పే సూత్రమే ఇది.

ఒక హద్దు మాత్రం ఉన్నది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లోపల స్థిరపడిన చెడ్డ ప్రోగ్రాము పట్టికలో తన పంక్తినే దాచివేయవచ్చు. అప్పుడు బయటి నుంచి చూడాలి. 1986లో బర్క్‌లీ పరిశోధనాలయంలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళశాస్త్రవేత్త 75 సెంట్ల లెక్క తేడాకు కారణం వెదకినాడు. యంత్రంలోకి వచ్చే తీగలకు ప్రింటర్లు తగిలించి, చొరబాటుదారునికి తెలియకుండా అతని ప్రతి అక్షరాన్నీ అచ్చు వేయించినాడు. దారి చివరకు పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు చేరినది. ఈనాడు ఇంటి రౌటరులోని రికార్డు ఆ ప్రింటర్ల పని చేయగలదు.

పలికిన ప్రతిధ్వనులు

పద్ధతి ప్రకారం చూచినా వివరణ దొరకని సందేశాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒక రకానికి 2001లో వివరణ దొరికినది. డేవిడ్ మూర్, జెఫ్రీ వోల్కర్, స్టెఫన్ సావేజ్ అనే ముగ్గురు పరిశోధకులు, ఎవరూ వాడని చిరునామాలకు వచ్చే సందేశాలను మూడు వారాలు సేకరించినారు. ఎవరో దుండగుడు తన చిరునామా దాచి, ఊహించిన దొంగ చిరునామాలతో ఒక యంత్రం మీద సందేశాలు కురిపిస్తాడు. ఆ యంత్రం జవాబులను ఆ దొంగ చిరునామాలకే పంపుతుంది. ఏ పాపమూ ఎరుగని ఇంటి యంత్రానికి అడగని జవాబు వచ్చి చేరుతుంది. ఈ ప్రతిధ్వనులను లెక్కించి, ఆ మూడు వారాలలో 12,000కు పైగా దాడులు జరిగినవని వారు తేల్చినారు. ఒకరికి అర్థంకాని రొద, లెక్కకట్టేవారికి సమాచారమైనది.

ముగియని కథ

2004 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌పికి రెండవ సేవాసంపుటిని విడుదల చేసి, ఫైర్‌వాల్ మొదటి నుంచే పనిలో ఉండేటట్లు మార్చినది. దానితో అడగకుండా వచ్చి తట్టేవారికి తలుపు కనిపించకుండా పోయినది. కాని తలుపులు మరొకచోట తెరుచుకొన్నవి. 2016లో మిరాయి అనే పురుగు ఇళ్ళలోని కెమెరాలను, రౌటర్లను పట్టినది. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలిన పరికరాలను అది 23వ పోర్టులో వెదకి పట్టుకొన్నది. పోస్టెల్ 1972లో మొదటి సంఖ్య కేటాయించిన టెల్నెట్ సేవ అదే. నాటి పరిశోధకులు పరస్పర విశ్వాసంతో తెరిచిన తలుపు, నలభై నాలుగేళ్ళ తరువాత కూడా తాళం లేకుండానే ఉన్నది.

పాఠశాలలో కంప్యూటరు ఉంటే ఉపాధ్యాయులు ఈ పట్టికను విద్యార్థులకు చూపించి, ప్రతి పంక్తి ముందు ప్రోగ్రాము పేరు, అది అక్కడ ఎందుకు ఉన్నది అనే కారణం వ్రాయించవచ్చును. తమది కాని యంత్రాల తలుపులు తట్టి చూడరాదని ముందే చెప్పాలి. కొన్ని పంక్తులకు కారణం వెంటనే దొరకదు. ఆ గడిలో ‘వైరసు’ అని వ్రాసిన విద్యార్థికంటె, దానిని ఖాళీగా ఉంచి మరునాడు మళ్ళీ చూచిన విద్యార్థి పాఠం బాగా నేర్చుకొన్నట్లు. పోర్టు సంఖ్య ఎవరి మీదా తీర్పు చెప్పదు. ఎక్కడ వెదకాలో మాత్రం చెబుతుంది.